మళ్లీ ఊరి బయటికేనా?
ఇల్లులేని వాళ్ల షెల్టరు ఎక్కడుండాలి, ఎట్లుండాలి

(జిల్లా కేంద్రంలో జరిగిన కార్యకర్తల సమావేశంలో మా కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఇవాళ షెల్టరు గురించి మాట్లాడతామని చెప్పగానే మీలో కొందరు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "మా ఊళ్లో శ్మశానానికి దారి లేదు. ఇళ్లస్థలాల పట్టాలు కాగితాల మీదే ఉన్నాయి. కూలిరేటు తేలలేదు. పట్నంలో రోడ్డు మీద పడుకునే వాళ్ల సంగతి మనకెందుకు?" అని ఒక అన్న అడగనే అడిగాడు. అడగాల్సిన మాటే. దానికి జవాబు చెప్పే ముందు మా పట్టణంలో ఏం జరుగుతోందో చెప్తాం.

మా బస్టాండు వెనక పాత మునిసిపల్ గోడౌను ఒకటుంది. కొన్నేళ్లుగా దాన్నే ఇల్లులేని వాళ్ల షెల్టరుగా నడుపుతున్నారు. చెప్పుకోదగ్గదేమీ కాదు. రేకుల కప్పు. రెండు మరుగుదొడ్లుంటే ఒకటి పనిచేయదు. అయినా సరే, వానకు తడవకుండా, పోలీసాయన లాఠీతో లేపకుండా పడుకోవడానికి మా పట్టణం మొత్తం మీద ఉన్న చోటు అదొక్కటే. ఇప్పుడు దాన్ని ఎత్తేసి, నాలుగు కిలోమీటర్ల అవతల చెత్త డంపింగ్ యార్డు పక్కన కొత్త బిల్డింగు కడతామంటున్నారు. బస్టాండు వ్యాపారులూ, వెనక కాలనీ సంఘమూ కలిసి మహజరు పెట్టుకున్నారు. మాస్టర్ ప్లానులో ఇది నివాస జోను కాబట్టి ఇక్కడ ఇట్లాంటి వాళ్లుండటానికి వీల్లేదని ఆ కాగితంలో రాశారు. వచ్చే కౌన్సిల్ సమావేశంలో ఈ విషయం తేలుతుంది.

ఆ కాగితం నకలు మేం సంపాదించాం. కింద సంతకాలు చదువుకుంటూ పోతే మాకు నోట మాట రాలేదు. డంపింగ్ యార్డు పక్కనున్న మన పేట వాళ్లు పెట్టిన మహజరు కూడా దానికే జతచేసి ఉంది. వాళ్లు రాసిందేమిటంటే, ఆ షెల్టరు తెచ్చి మా నెత్తిన పెట్టొద్దు, మాకొద్దు అని. కాలనీ వద్దంది, పేట వద్దంది. మధ్యలో గోడౌనులో పడుకునే మనిషి ఎక్కడికి పోవాలి? ఇవాళ్టి ప్రసంగమంతా ఈ ప్రశ్న చుట్టూనే.

జోను అంటే మనకు తెలియనిది కాదు

జోనింగ్ అంటే ఏమిటో ముందు చెప్పుకుందాం. పట్టణానికి మాస్టర్ ప్లాను వేస్తారు. పటంలో ఇళ్లుండే చోటుకు పసుపు రంగు, వ్యాపారానికి నీలం, ఫ్యాక్టరీలకు ఊదా, బడి, ఆస్పత్రి, ఆఫీసులాంటి ప్రజోపయోగ స్థలాలకు ఎరుపు, పార్కులకు పచ్చ, మామూలుగా ఇట్లా వేస్తారు. ఏ రంగులో ఏది కట్టవచ్చు, ఏది కట్టరాదు అని నిబంధనలు రాస్తారు. ముసాయిదా ప్రకటించి జనం అభ్యంతరాలు తీసుకోవాలి. ఇంతే. దీన్ని మనకర్థం కాని ఇంజనీర్ల విద్య అనుకుని వదిలేస్తున్నాం.

మన ఊరి పటం ఒకసారి తలుచుకోండి. నడిబొడ్డున గుడి, దాని చుట్టూ పెద్ద కులాల ఇళ్లు, ఊరికి దిగువన, మురుగు పోయే వైపున మాలపల్లె, మాదిగగూడెం. ఆ పటానికి రంగులెవరూ వేయలేదు, గెజిటులో ఎవరూ అచ్చేయలేదు. అయినా ఎవరిల్లు ఎక్కడుండాలో, ఎవరి బావి ఎక్కడుండాలో పసిపిల్లవాడికి కూడా తెలుసు. మాస్టర్ ప్లాను అనే మాట పుట్టక ముందే మనల్ని జోనులో పెట్టారు. పట్నం వచ్చాక కూడా ఏం మారింది? మన పిల్లల సాంఘిక సంక్షేమ హాస్టలు ఎన్ని ఊళ్లలో ఊరి చివర అద్దె కొంపలో లేదు? చెత్త కుప్ప ఎవరి పేట పక్కన పోస్తున్నారు? కబేళా ఎవరి వాడ పక్కన పెట్టారు?

కాబట్టి కాలనీ సంఘం "నివాస జోను" అంటే మాకు పాత మాటే కొత్తగా వినిపించింది. ఇల్లులేని వాడు నివసించడా? వాడు పడుకుంటే అది నివాసం కాదా? ఇళ్లున్న వాళ్లకే నివాస జోను అంటే ఆ నిబంధన రాసిందెవరో, ఎవరి కోసం రాశారో మనకు తెలియడం లేదా?

రోడ్డు మీద పడుకునే వాళ్లందరూ దళితులేనని మేం అనడం లేదు. అన్ని కులాల వాళ్లూ ఉన్నారు, ముస్లింలున్నారు, ఇంట్లోంచి వెళ్లగొట్టబడ్డ ముసలి తల్లులున్నారు, హిజ్రాలున్నారు. అయితే ఇల్లు పోయిన మరుక్షణం మనిషి పెద్ద కులం వాడైనా అంటరానివాడైపోతాడు. వాడు తాకిన బెంచీ మీద ఎవరూ కూర్చోరు. హోటలు వాడు దూరం నుంచి నీళ్లు పోస్తాడు. అంటరానితనం ఎట్లా ఉంటుందో ఈ దేశంలో మనకంటే ఎక్కువ ఎవరికి తెలుసు? అందుకే ఇది మన పని.

బాబాసాహెబ్‌కు దొరకని గది

1917లో బాబాసాహెబ్ అంబేద్కర్ అమెరికాలో, లండన్‌లో చదువుకుని బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వచ్చారు. అంత చదువు చదివిన మనిషికి ఊళ్లో ఉండటానికి చోటు దొరకలేదు. హిందూ హోటళ్లు రానీయవు. చివరికి ఒక పార్శీ సత్రంలో పార్శీ పేరు రాయించి చేరారు. మేడ మీద చీకటి హాలు, పనికిరాని సామాన్లు, తోడు మనిషి లేడు. అయినా తల దాచుకోవడానికి చోటుందని ఓర్చుకున్నారు. పదకొండో రోజు పొద్దున కర్రలు పట్టుకుని డజను మంది పార్శీలు మెట్లెక్కి వచ్చారు. సాయంత్రంలోగా ఖాళీ చేయమన్నారు. ఇద్దరు స్నేహితుల్ని అడిగితే ఇద్దరూ ఏదో సాకు చెప్పి తప్పుకున్నారు. ఆ రోజు పొద్దుపోయేదాకా ఆయన ఒక పార్కులో కూర్చుని, రాత్రి రైలుకు బొంబాయి వెళ్లిపోయారు.

ఇది ఆయనే రాసుకున్న సంగతి. ఇందులో మనం గమనించాల్సింది ఒకటుంది. ఆ సత్రంలో గదులు ఖాళీగా ఉన్నాయి, డబ్బు కట్టడానికి ఆయన దగ్గర డబ్బూ ఉంది. అడ్డొచ్చింది సత్రం నిబంధన. అంటే కప్పు ఒక్కటే చాలదు. ఆ కప్పు కిందికి ఎవర్ని రానివ్వాలి, ఏ షరతు మీద రానివ్వాలి అని రాసే కాగితం కూడా కప్పంత ముఖ్యం.

మన సత్రాల చరిత్ర కూడా అదే కదా. పుణ్యక్షేత్రాల్లో కులానికొక సత్రం ఉంటుంది, మనం వెళ్తే చెట్టు కిందే వంట. 1923లో బొంబాయి శాసనమండలిలో ఎస్.కె. బోలే పెట్టిన తీర్మానం చెరువులు, బావులతో పాటు ప్రజల సొమ్ముతో నడిచే ధర్మశాలల్లోకి కూడా అంటరానివాళ్లను రానివ్వాలంది. 1927లో మహాడ్ చెరువు పోరాటం ఆ తీర్మానాన్ని అమలుచేయించడానికే నడిచింది. 1955 పౌరహక్కుల రక్షణ చట్టం ధర్మశాల, సరాయి, ముసాఫిర్‌ఖానాల పేర్లు పెట్టి మరీ అక్కడ అంటరానితనం పాటించడం నేరమంది. నీళ్ల హక్కు గురించి మనం వందేళ్లుగా చెప్పుకుంటున్నాం. బస హక్కు కూడా అదే పోరాటంలో ఉందన్న సంగతి మరిచిపోయాం.

పల్లె నుంచి బస్టాండు దాకా

ఇప్పుడు ఆ అన్న అడిగిన ప్రశ్నకు వద్దాం. పట్నం సంగతి మనకెందుకు?

1985 జులైలో కారంచేడులో మాదిగల్ని చంపితే మిగిలినవాళ్లు చీరాల చేరుకుని శిబిరంలో తలదాచుకున్నారు. 1991 ఆగస్టులో చుండూరులో మాలల్ని చంపితే బాధితులు తెనాలిలో శిబిరం వేసుకున్నారు. ఊరు తరిమితే మన జనం ఎక్కడికొచ్చారు? పట్టణానికే. ఆ రోజున పట్టణంలో వాళ్లకంటూ చోటు లేకపోతే ఉద్యమం ఎక్కడ నిలబడేది?

ఈ మధ్య ఊరు మనిషిని కత్తితో తరమడం లేదు. అప్పుతో తరుముతోంది, కరువుతో తరుముతోంది. పాలమూరు కూలి హైదరాబాదు అడ్డా మీద నిలబడతాడు. పని చేసే బిల్డింగులోనే పడుకుంటాడు. బిల్డింగు పూర్తయిన రోజున రోడ్డు మీదికొస్తాడు. జిల్లా ఆస్పత్రిలో మొగుణ్ని చేర్పించిన మన అక్క వరండాలో గుడ్డ పరుచుకుంటుంది. వాచ్‌మన్ తరిమితే గేటు బయట కూర్చుంటుంది. ఇవాళ ఈ హాల్లో ఉన్నవాళ్లలో ఆస్పత్రి గేటు ముందు ఒక్క రాత్రైనా గడపని కుటుంబం ఏదైనా ఉందా, చేతులెత్తండి.

చూశారా, ఒక్క చెయ్యి కూడా లేవలేదు.

2011 జనగణనలో దేశంలో ఇల్లులేని వాళ్లు 17 లక్షల 72 వేల మంది అని తేల్చారు. అందులో పట్టణాల్లో 9 లక్షల 38 వేలు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లక్షా 45 వేలు. ఈ లెక్క ఒక్క రాత్రిలో తీసింది, 2011 ఫిబ్రవరి 28 రాత్రి. ఆ రాత్రి గోడౌను షట్టరు వెనక పడుకున్న వాడు, ఎన్యూమరేటరును చూసి పోలీసనుకుని లేచిపోయిన వాడు లెక్కలోకి రాలేదు. లెక్కలోకి రానివాడికి చాప కూడా రాదు.

కోర్టు ఏమంది, లెక్క ఏమంది

మనకు చట్టంలో ఏమీ లేదనుకోవద్దు. 1985లో ఓల్గా టెల్లిస్ కేసులో బొంబాయి ఫుట్‌పాత్ వాసుల గురించి సుప్రీంకోర్టు, బతుకుతెరువు కూడా జీవించే హక్కులో భాగమేనంది. అదే తీర్పులో గుడిసెలు తీసేయడానికి ఒప్పుకుంది కూడా. ఆ చేదు సంగతీ గుర్తుంచుకోవాలి.

1995 డిసెంబరులో చమేలీ సింగ్ కేసు తీర్పు వచ్చింది. అది నేరుగా మన కేసు. ఉత్తరప్రదేశ్‌లో దళితుల ఇళ్ల కోసం ప్రభుత్వం భూమి తీసుకుంటే భూమిగలవాళ్లు కోర్టుకెక్కారు. తీర్పు రాసింది మన హైకోర్టులో పనిచేసి వెళ్లిన జస్టిస్ కె. రామస్వామి. భూసేకరణ చెల్లుతుందన్నారు. ఆశ్రయమంటే నెత్తి మీద కప్పు మాత్రమే కాదు, చాలినంత చోటు, గాలి, వెలుతురు, మంచినీళ్లు, పారిశుధ్యం, రోడ్డు అన్నీ కలిస్తేనే ఆశ్రయం అని రాశారు. డంపింగ్ యార్డు పక్కన బిల్డింగు చూపించే వాళ్ల ముందు ఈ తీర్పు పెట్టాలి.

2009 డిసెంబరులో ఢిల్లీలో పూసా రోడ్డు దగ్గరున్న గుడారం షెల్టరును మునిసిపల్ వాళ్లు చలిలో పీకేశారు. దాని మీద గొడవ సుప్రీంకోర్టు దాకా పోయింది. 2010 నుంచి వరసగా వచ్చిన ఆదేశాల్లో, పెద్ద పట్టణాల్లో లక్ష జనాభాకు ఒక షెల్టరుండాలని, ఏడాది పొడవునా ఇరవైనాలుగు గంటలూ తెరిచి ఉంచాలని కోర్టు చెప్పింది. ఆ తర్వాత 2013లో మొదలై 2024 సెప్టెంబరు దాకా నడిచిన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ ఆ మాటను కొలతల్లో పెట్టింది. ఆ మిషన్ ముగిసింది. అయినా సర్కారే రాసిన కొలతలు కాబట్టి వాటినే పట్టుకుని మనం అడగాలి.

ఆ కొలతలు ఇవి. మనిషికి 50 చదరపు అడుగులు, అంటే అయిదడుగుల వెడల్పు, పదడుగుల పొడవు. ఒక్కో షెల్టరులో 50 నుంచి 100 మంది. మంచినీళ్లు, స్నానాలగది, మరుగుదొడ్డి. ఉతికిన దుప్పట్లు. సామాను పెట్టుకోవడానికి తాళమేసుకునే పెట్టె. వండుకోవడానికి చోటు, గ్యాసు. మూడు షిఫ్టుల్లో ముగ్గురు కేర్‌టేకర్లు. పిల్లలకు దగ్గరి అంగన్‌వాడీతో సంబంధం. అన్నిటికంటే ముఖ్యం, ఇల్లులేని వాళ్లు ఎక్కువగా ఉండే చోటుకు, వాళ్లు పనిచేసే చోటుకు దగ్గరలో షెల్టరుండాలి. రైల్వేస్టేషను, బస్టాండు, మార్కెట్టు, ఇట్లాంటి చోట్లు.

ఇంత రాసి డబ్బెంత ఇచ్చారు? 50 మంది షెల్టరు నడపడానికి ఏడాదికి 6 లక్షలు. భాగించి చూడండి, మనిషికి రోజుకు 33 రూపాయలు. అందులోనే ముగ్గురి జీతాలు, కరెంటు, గ్యాసు, దుప్పట్ల ఉతుకు. నడిపేవాళ్లు దొంగలైతే ఒక తిప్పలు, మంచివాళ్లైతే ఇంకో తిప్పలు. నిబంధనలు గొప్పగా రాసి, సొమ్ము దగ్గర చేయి ముడుచుకుంటే ఆ నిబంధన ఎవరి మొహం చూసి అమలవుతుంది?

తాళం ఎవరి చేతిలో ఉంది?

మేం నలుగురం టార్చిలైటు, నోటుబుక్కు పట్టుకుని మూడు రాత్రులు మా పట్టణం తిరిగాం. మార్కెట్ యార్డు అరుగు మీద ఒక ముసలి హమాలీ పగలు పదకొండింటికి పడుకుని కనిపిస్తాడని టీకొట్టు అన్న చెప్తే, మర్నాడు వెళ్లి అడిగాం.

"ఏం తాతా, షెల్టరుంది కదా, అక్కడ పడుకోకూడదా?"

"లారీలొచ్చేది రాత్రి బాబూ. నేను మూటలు దించేది రాత్రి. వాళ్లు పొద్దున ఆరింటికి తాళమేస్తారు. నాకు నిద్రొచ్చేటప్పటికి తాళముంటది, తాళం తీసేటప్పటికి నాకు పనుంటది."

ఇరవైనాలుగు గంటలూ తెరవాలన్న నిబంధన ఎందుకో ఆ తాత ఒక్క మాటలో చెప్పాడు.

బస్టాండులో ఒక అక్క మూటలు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. రాత్రంతా అట్లాగే కూర్చుంటుందట. షెల్టరుకు పోలేదేమని అడిగితే, "ఒకటే హాలన్నా. మధ్యలో గుడ్డ కట్టారు. గుడ్డ అవతల మగాళ్లు. ఇక్కడైతే లైటుంటది, నలుగురూ తిరుగుతుంటారు" అంది. ఆడవాళ్లకు వేరే గది, లోపలి నుంచి గడియ, వేరే మరుగుదొడ్డి, ఆడమనిషి కేర్‌టేకరు లేకపోతే ఆ షెల్టరు సగం జనానికి లేనట్టే.

ఇంకో అన్నను ఆధార్ లేదని గేటు దగ్గరే ఆపేశారు. అడ్రసు లేనివాడికి ఆధార్ కష్టం, ఆధార్ లేనివాడికి షెల్టరు లేదు. ఇట్లా తిప్పుతుంటే వాడు ఎక్కడ మొదలుపెట్టాలి? షెల్టరు అడ్రసు మీదే వాడికి ఓటరు కార్డూ రేషన్ కార్డూ ఇప్పించాలి గానీ, అవి ఉంటేనే రమ్మనడమేమిటి?

ఇక షెల్టరు జైలు కాకూడదు. 2017 నవంబరులో హైదరాబాదులో అంతర్జాతీయ పారిశ్రామికవేత్తల సదస్సు జరిగింది. దాని ముందు పోలీసులు నగరంలో బిచ్చమెత్తడాన్ని నిషేధించి, బిచ్చగాళ్లను పట్టుకుని జైళ్ల శాఖ ఆవరణల్లో పెట్టిన ఆశ్రమాలకు తరలించారు. అన్నం పెట్టలేదా అంటే పెట్టారు. కానీ విదేశీ అతిథుల కంటికి కనబడకుండా మనిషిని వ్యానెక్కించి తీసుకుపోయే చోటును ఆశ్రయమనరు. తన కాళ్ల మీద నడిచి లోపలికి రావాలి, తనకు ఇష్టమైనప్పుడు బయటికి పోగలగాలి.

కట్టిన షెల్టరు నిలుస్తుందన్న నమ్మకమూ లేదు. 2023 ఫిబ్రవరిలో ఢిల్లీ సరాయ్ కాలే ఖాన్ దగ్గర నడుస్తున్న షెల్టరును బుల్‌డోజరుతో కూల్చేశారు. జాగా వేరే పనికి కావాలన్నారు. ఆ పటంలో షెల్టరుకంటూ ఒక రంగు, ఒక గడి లేకపోతే ఎప్పుడైనా కూల్చేస్తారు. అందుకే మాస్టర్ ప్లానులోనే షెల్టరు స్థలాలు రాయించాలంటున్నాం.

కాలనీకి ఒక మాట, పేటకు ఒక మాట

కాలనీ వాళ్లు చెప్పే అభ్యంతరాలు కొట్టిపారేయకుండా విన్నాం. దొంగతనాలంటారు. తన చెప్పులు తల కింద పెట్టుకుని పడుకునే వాడికి దొంగ భయం కాలనీ వాళ్లకంటే ఎక్కువ. మురికంటారు. పనిచేసేది ఒకే మరుగుదొడ్డయితే మురికి కాక ఏమవుతుంది? దాన్ని బాగుచేయమని మహజరు పెడితే మేం కూడా సంతకం చేస్తాం. తాగి అరుస్తారంటారు. అట్లాంటి వాళ్లూ ఉన్నారు, లేరని అబద్ధం చెప్పం. దానికి రాత్రి షిఫ్టులో కేర్‌టేకరుండాలి. బార్ల ముందు తాగి అరిచేవాళ్ల మీద ఏ జోను నిబంధనా ఎవరూ చదవడం లేదే! స్థలాల రేట్లు పడిపోతాయంటారు. అసలు మాట అదే. ఒకరి జాగా రేటు కోసం ఇంకొకరి నిద్ర పోగొట్టాలా?

పేటకు చెప్పాల్సిన మాట కష్టమైంది. చేతులు జోడించి చెప్తున్నాం. మీ కోపంలో తప్పు లేదు. ఊరి చెత్తంతా మీ పక్కన పోశారు. మీ పిల్లలు ఆ పొగ పీలుస్తున్నారు. ఊరికి అక్కరలేనిదంతా పేటకేనా అని మీరడుగుతున్నారు. ఆ మాట నూటికి నూరుపాళ్లూ నిజం. అయితే ఆ కాగితంలో "ఇట్లాంటి వాళ్లు మా మధ్య వద్దు" అని రాశారు చూడండి, అక్కడ మా గుండె కలుక్కుమంది. ఆ మాట మన తాతల్ని అన్న మాట. అదే మాట మన నోటి నుంచి వస్తే, ఇంక ఊరివాళ్లకూ మనకూ తేడా ఏముంది? "చెత్త పక్కన ఏ మనిషినీ పెట్టొద్దు, మమ్మల్నీ పెట్టొద్దు, వాళ్లనీ పెట్టొద్దు" అని రాయండి. అప్పుడు మీ మహజరూ మా మహజరూ ఒకటే అవుతుంది.

మొన్న రాత్రి పేటలో కూర్చుని ఈ మాటలే చెప్పాం. రెండు గంటలు వాదన నడిచింది. కొందరు లేచిపోయారు. ఒక పెద్దమ్మ మాత్రం చివరిదాకా ఉండి, "మా చిన్నోడు బెంగుళూరులో ఎక్కడ పడుకుంటున్నాడో నాకు తెలీదు" అని కాగితం అడిగి వేలిముద్ర వేసింది. మిగిలిన వాళ్ల కోసం మళ్లీ వెళ్తాం.

మనం అడిగేవి, చేసేవి

కౌన్సిలు ముందు మేం పెట్టబోయే కోరికలు చదువుతాం, వినండి. 

ఒకటి, బస్టాండు షెల్టరును కదిలించొద్దు, అక్కడే బాగుచేయాలి. రెండు, ఊరవతల ఒకే పెద్ద బిల్డింగు వద్దు. బస్టాండు, జిల్లా ఆస్పత్రి, మార్కెట్ యార్డు, మూడు చోట్లా చిన్నవి కావాలి, అందులో ఒకటి పూర్తిగా ఆడవాళ్లకు, పిల్లలకు. మూడు, మాస్టర్ ప్లాను నిబంధనల్లో నివాస, వ్యాపార, ప్రజోపయోగ జోన్లన్నిటిలోనూ షెల్టరును అనుమతించిన కట్టడంగా రాయాలి. నాలుగు, తాళం ఇరవైనాలుగు గంటలూ తీసి ఉండాలి, ఆధార్ అడగరాదు, రిజిస్టరులో కులాన్ని బట్టి పడకలు వేరుచేస్తే పౌరహక్కుల చట్టం కింద కేసు పెట్టాలి. అయిదు, నిర్వహణ కమిటీలో అక్కడ పడుకునే వాళ్లే సగం మంది ఉండాలి.

ఇంకొక మాట కూడా రాస్తున్నాం. షెల్టరు ఇల్లు కాదు. పల్లెలో ఇంటిస్థలం ఇవ్వని సర్కారు పట్నంలో చాప ఇచ్చి చేయి దులుపుకుంటానంటే ఒప్పుకోం. చాప ఈ రాత్రికి, ఇల్లు రేపటికి. రెండూ కావాలి.

పల్లెల నుంచి వచ్చిన మీరు చేయాల్సిన పని కూడా ఉంది. మీ మండల కేంద్రంలో, మీ దగ్గరి పట్టణంలో ఒక్క రాత్రి తిరగండి. ఎవరెక్కడ పడుకున్నారో, ఏ ఊరి వాళ్లో, ఏం పని చేస్తారో, అడిగి, ఒప్పుకుంటేనే రాసుకోండి. ఫొటోలు తీయొద్దు. మీ ఊరి మనిషే కనిపించవచ్చు. మాస్టర్ ప్లాను ముసాయిదా ఎప్పుడు పెడతారో, షెల్టరుకు ఎంత ఖర్చు రాశారో 2005 సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టండి. 2027 జనగణనలో కులం కూడా రాస్తామని కేంద్రం ప్రకటించింది. ఇల్లులేని వాళ్లను లెక్కించే రాత్రి మన కార్యకర్తలు ఎన్యూమరేటరు పక్కన నడవాలి, ఏ వంతెన కిందా ఎవరూ తప్పిపోకుండా చూడాలి. ఇల్లులేని వాళ్లలో ఎవరెంత మందో అప్పుడు తెలుస్తుంది.

కౌన్సిల్ సమావేశం రోజున మేం ఖాళీ చేతులతో వెళ్లం. ఆ హమాలీ తాత వస్తానన్నాడు. ఆ రోజు రాత్రి డ్యూటీ చేసి, నిద్ర మానుకుని వస్తాడు. బస్టాండు అక్క వస్తానంది. వాళ్లే మాట్లాడతారు, మేం పక్కన నిలబడతాం. మీ పల్లెల నుంచి ఊరికి ఇద్దరు చొప్పున వస్తే ఆ హాలు చాలదు. పేట పెద్దమ్మ కూడా తన మనుషులతో వస్తుందని మా ఆశ.

నూరేళ్ల కిందట బాబాసాహెబ్‌ను సత్రంలోంచి గెంటేస్తే ఆయన పక్కన నిలబడ్డ మనిషి ఒక్కడూ లేడు. ఇవాళ మన పట్టణంలో గోడౌను నుంచి గెంటేస్తామంటున్నారు. ఆ రాత్రి ఎవరూ ఒంటరిగా పార్కులో కూర్చోవాల్సిన అవసరం రాకూడదు. అందుకు మీరు రావాలి.

జై భీమ్.